రాత్రి వేడి కంటే ముందుగా: మిద్దె మీద టమాటా డైరీ, 2025

జనవరి 5, ఆదివారం

హైదరాబాదులో మా ఇంటి మిద్దె మీద టమాటా వేయడం ఇది నాలుగోసారి. గత మూడు వేసవుల్లోనూ ఒకే విధంగా జరిగింది. సంక్రాంతి సందడి ముగిశాక విత్తనం వేయడం, మార్చి నెలాఖరుకు మొక్కలు నడుమెత్తు పెరిగి విరగబూయడం, ఆ పూత ఏప్రిల్‌లో రాలిపోవడం, చివరికి చెట్టుకు నాలుగైదు కాయలు మిగలడం. ఎరువు చాలలేదేమోనని ఒక ఏడాది, నీళ్ళు తక్కువయ్యాయేమోనని మరొక ఏడాది అనుకున్నాను. మదనపల్లె దగ్గర పల్లెలో టమాటా సాగు చేసే మా మామయ్య నిరుడు మా ఇంటికి వచ్చినప్పుడు రాత్రి భోజనమయ్యాక మిద్దె ఎక్కి, వంగి శ్లాబుకు అరచెయ్యి ఆనించి, "పగటి ఎండ కాదమ్మాయ్ దీనికి దెబ్బ, రాత్రి ఎనిమిదైనా ఈ మిద్దె ఇంకా కాలతానే ఉండాది చూడు" అన్నారు.

ఆ మాట పట్టుకొని చదివితే సంగతి తేటపడింది. టమాటా పువ్వు పిందె కట్టడానికి పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పిందె బాగా నిలుస్తుంది, 21 దాటిన తరువాత తగ్గడం మొదలవుతుంది, పగలు 35 దాటితే పుప్పొడి చాలావరకు నిస్సారమైపోతుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల అక్కడి రాత్రులు వేసవిలోనూ కొంత చల్లబడతాయి, అందుకే మిగిలిన చోట్ల టమాటా తోటలు ఎండిపోయే రోజుల్లో అక్కడి టమాటా మార్కెట్టు కళకళలాడుతుంది. హైదరాబాదులో కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున ఫిబ్రవరిలో 17, 18 డిగ్రీల దగ్గర, మార్చిలో 20, 21 దగ్గర, ఏప్రిల్‌లో 24 దగ్గర ఉంటుంది. మిద్దె మీద ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. అంటే నా మొక్కలు మార్చి మూడో వారం లోపల పూసి పిందె కట్టెయ్యాలి, ఆ తరువాత వచ్చే పూత మీద ఆశ పెట్టుకోకూడదు.

ఆ లెక్కన ఈసారి రెండు విడతలుగా వేస్తున్నాను. మొదటి విడత ఈ రోజు, రెండో విడత సరిగ్గా ఐదు వారాల తరువాత, అదే విత్తనం, అదే మట్టి. తేడా ఏమిటో నా కళ్ళతో చూడాలని ఉంది. విత్తనం రెండు రకాలు. ఒకటి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క వికాస్, ఇది సంకరం (హైబ్రిడ్) కాదు గనుక విత్తనం దాచుకోవచ్చు. రెండోది మామయ్య కాగితంలో చుట్టి ఇచ్చిన నాటు టమాటా, ఉసిరికాయకంటే కాస్త పెద్దగా, పుల్లగా ఉండే రకం. మొలకల ట్రేలో కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్టు సమపాళ్ళలో నింపి, అర సెంటీమీటరు లోతున ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసి, పైన సన్నని అల్లిక నైలాన్ తెర కప్పాను. తెర చలికోసం కాదు, తెల్లదోమ నారు దశలోనే వైరస్‌ను అంటించకుండా.

ఈ రోజు తెల్లవారుజామున మిద్దె మీద కనిష్ఠ ఉష్ణోగ్రత 16. గరిష్ఠం, కనిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ ఉష్ణమాపకం ఒకటి కొన్నాను, ఇకమీదట రోజూ అంకె రాసుకుంటాను.

జనవరి 13, భోగి

ఎనిమిదో రోజుకు 24 గింజల్లో 20 మొలిచాయి. రాత్రి చలి వల్ల మొలక కొంచెం ఆలస్యమైంది. ట్రేను తూర్పు పిట్టగోడ మీదికి మార్చాను, నీడలో ఉంచితే కాడ సన్నగా సాగి పడిపోతుంది.

జనవరి 26

బకెట్లు సిద్ధం చేశాను. గోడలకు రంగులు వేసినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల తెల్ల బకెట్లు పన్నెండు. ఒక్కో దానికి అడుగున ఆరు, పక్కన అంగుళం ఎత్తున నాలుగు రంధ్రాలు. మట్టి పాళ్ళు: ఎర్రమట్టి రెండు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, వర్మి కంపోస్టు ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి, బకెట్టుకు రెండు గుప్పిళ్ళ వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి ఆ నీళ్ళు రెండుసార్లు పారబోసిన తరువాతే కలిపాను, అందులో ఉప్పు ఉంటుంది. నిండిన బకెట్టు తడిపితే ఇరవై కిలోలు దాటుతుంది గనుక అన్నిటినీ మిద్దె మధ్యలో పెట్టకుండా, కింద గోడలూ దూలాలూ ఉన్న అంచుల వెంట, పిట్టగోడకు జానెడు ఎడంగా వరుసలో అమర్చాను.

రెండు కుండీల్లో బంతి నారు కూడా ఉంది, డిసెంబరు మధ్యలో వేసింది. పొలంలో పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేసి, 25 రోజుల టమాటా నారుతో పాటే 45 రోజుల బంతి నారు నాటాలని చెబుతారు. కాయతొలుచు పురుగు తల్లి బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, రెండూ ఒకేసారి పూతకు రావడానికే ఆ వయసు తేడా. పన్నెండు బకెట్లకు రెండు కుండీలు అతిగా ఉన్నాయి, కానీ పువ్వులు ఇంట్లోకి పనికొస్తాయి.

ఫిబ్రవరి 4, రథసప్తమి

ముప్ఫై రోజుల నారు, ఐదారు ఆకులు, పెన్సిలంత కాకపోయినా గట్టి కాడ. సాయంత్రం ఐదు తరువాత ఎనిమిది మొక్కలు నాటాను, ఐదు అర్క వికాస్, మూడు నాటు. కింది రెండు ఆకులూ గిల్లేసి, మిగిలిన ఆకుల మొదటి వరకూ కాడను మట్టిలో పూడ్చాను. టమాటా కాడకు తడి మట్టి తగిలిన ప్రతిచోటా వేరు పుడుతుంది, ఆ వేర్లే ఏప్రిల్‌లో మొక్కను నిలబెట్టేవి. వెదురు కర్రలు కూడా ఇప్పుడే పాతేశాను, వేర్లు పరుచుకున్న తరువాత పాతితే వాటినే తెంపుతాం.

కనిష్ఠం 18.

ఫిబ్రవరి 9

రెండో విడత గింజలు వేశాను, ఎనిమిది, అన్నీ అర్క వికాస్. మొలిచిన వాటిలో నాలుగు ఎంచుకుంటాను.

ఫిబ్రవరి 16

పక్క కొమ్మలు గిల్లడం మొదలైంది. ఆకుకూ కాడకూ మధ్య సందులో పుట్టే ఈ కొమ్మ వేలెడు పొడవు ఉన్నప్పుడే బొటనవేలితో పక్కకు వంచితే చప్పుడు లేకుండా ఊడి వస్తుంది, ముదిరితే కత్తెర కావాలి, గాయం పెద్దదవుతుంది. మొదటి పూగుత్తి వచ్చే చోటికి కింద ఉన్నవన్నీ తీసేసి, దానికి పైన రెండు కొమ్మలు మాత్రం ఉంచుతున్నాను. పూర్తిగా ఒంటికాడగా పెంచితే కాయల మీద ఆకు నీడ చాలదు, ఎండ నేరుగా తగిలి కాయ తెల్లగా కమిలిపోతుంది. పని ముగిసేసరికి వేళ్ళు ఆకుపచ్చ నలుపుకు తిరుగుతాయి, సబ్బుతో రుద్దితే నురగ పసుపుగా వస్తుంది, వాసన మాత్రం మధ్యాహ్నం అన్నం కలుపుకునేటప్పుడు కూడా చేతికే ఉంటుంది. ఆ వాసన నాకు చాలా ఇష్టం.

ఫిబ్రవరి 24

మూడో బకెట్టులోని అర్క వికాస్ మొక్క లేత ఆకులు ఈ నెల 21 నాడే అంచుల దగ్గర పైకి ముడుచుకుని కనిపించాయి. ఎండ వల్ల అనుకొని మూడు రోజులు ఆగాను. ఈ రోజు చూస్తే కొస ఆకులు చెవి దుద్దులంత చిన్నవై, పసుపు అంచుతో దొన్నెల్లా ముడుచుకొని, కణుపులు దగ్గర దగ్గరగా కుచించుకుపోయాయి. ఆకుముడత వైరస్. ఆకు తిప్పి తడితే పిండి రాలినట్టు నాలుగైదు తెల్లదోమలు లేచాయి. దీనికి మందు లేదు. మొక్కను కదలిస్తే దోమలు పక్క బకెట్టుకు ఎగురుతాయి గనుక, తెల్లవారి చల్లగా ఉన్న వేళ, వాటికి ఇంకా చురుకు రాకముందే పాలిథీన్ సంచి పైనుంచి తొడిగి, మూతి బిగించి, మొదట్లో కోసి కిందికి తీసుకువెళ్ళాను. ఆ మూడు రోజులు ఆగి ఉండకూడదు. అనుమానం కలిగిన రోజునే తీసేస్తే పోయేది ఒక మొక్క, ఆగితే వరుస మొత్తం పోతుంది.

మిగిలిన వాటికి సాయంత్రం వేపనూనె కొట్టాను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కుంకుడు రసం. ముందుగా కుంకుడు రసంలో నూనెను బాగా చిలికి, పాలలా తెల్లబడిన తరువాత నీళ్ళు పోయాలి, నేరుగా నీళ్ళలో పోస్తే నూనె పైకి తేలి మొదటి మొక్కకు నీళ్ళు, చివరి మొక్కకు నూనె దక్కుతాయి. ఆకు అడుగున తగలాలి, దోమ ఉండేది అక్కడే. ఆముదం రాసిన పసుపు అట్టలు నాలుగు మొక్క ఎత్తులో వేలాడదీశాను. వారానికొకసారి వేపనూనె, ఇక మానను.

ఫిబ్రవరి 26, మహాశివరాత్రి

చలి శివశివా అంటూ పోయే రోజు. నాటిన 22వ రోజున మొదటి పువ్వు విచ్చింది, నాటు టమాటాకు. కనిష్ఠం 19.5.

మార్చి 5

నాలుగు అర్క వికాస్ మొక్కలూ పూతలో ఉన్నాయి. ఈసారి లెక్క పక్కాగా ఉండాలని, ఈ వారం విచ్చే ప్రతి పూగుత్తికీ ఎర్ర దారం కడుతున్నాను, నెలాఖరు వారం పూతకు తెల్ల దారం, ఏప్రిల్ పూతకు నీలి దారం కడతాను. ఏ రంగు దారం కింద ఎన్ని పిందెలు నిలుస్తాయో చూడాలి.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే గొట్టంలో ఉంటాయి, తన పుప్పొడి తనమీదే రాలితే చాలు. కానీ ఆ రాలడానికి చిన్న కుదుపు కావాలి. పొలంలో గాలి, తుమ్మెదలు ఆ పని చేస్తాయి, మా పిట్టగోడ చాటున రెండూ తక్కువే. ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య, మంచు తడి ఆరిన తరువాత, పూగుత్తి తొడిమ వెనుక వేలితో నాలుగుసార్లు టకటకా కొడుతున్నాను. నల్ల పలక కింద పట్టి చూశాను, పసుపు పొడి సన్నగా రాలి కనిపించింది. పుప్పొడి రాలుతోందన్నమాట.

మార్చి 9

రెండో విడత నాలుగు మొక్కలు నాటాను, తొమ్మిదో బకెట్టు నుంచి పన్నెండో బకెట్టు వరకు. కనిష్ఠం 21. మొదటి విడతవారు ఈ 21 డిగ్రీల గీత దాటకముందే పూశారు, వీరు ఆ గీత మీద నాటుకున్నారు.

మార్చి 18

బంధువుల పెళ్ళికి వెళ్ళి రెండు రోజుల తరువాత తిరిగి వచ్చాను. నీళ్ళు పోయమని చెప్పిన చోట మాట అందలేదు. మొక్కలు వాలిపోయి ఉన్నాయి, నీళ్ళు పోస్తే గంటలో లేచి నిలబడ్డాయి. నష్టమేమీ లేదనుకొని కాయలు తిప్పి చూస్తే, నిమ్మకాయంత పెరిగిన తొమ్మిది కాయలకు అడుగున, పువ్వు రాలిన మొన దగ్గర, రూపాయి బిళ్ళంత మచ్చ. మొదట నీరు పట్టినట్టు ఉండి, తరువాత గోధుమ రంగుకు తిరిగి, తోలులా లోపలికి నొక్కుకుపోతుంది.

ఇది తెగులు కాదు, పక్క కాయకు అంటదు, మందు కొట్టనక్కరలేదు. కాయకు సున్నపు ధాతువు (కాల్షియం) అందలేదన్న గుర్తు. ఆ ధాతువు వేరు నుంచి పైకి నీటితో పాటే ప్రయాణిస్తుంది, ఆకులు ఎక్కువ నీరు ఆవిరి చేస్తాయి గనుక ఎక్కువ భాగం వాటికే పోతుంది, కాయకు, అందులోనూ కాయ మొనకు, చివరి వంతు దక్కుతుంది. నీళ్ళు ఒక పూట ఆగితే ముందుగా ఎండేది ఆ చివరే. గత ఏడాది ఇదే మచ్చ చూసి గుడ్డు పెంకుల పొడి దండిగా వేశాను, ఆ పొడి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, పైగా లోపం మట్టిలో లేదు, నీళ్ళు పోసే తీరులో ఉంది. తొమ్మిది కాయలూ కోసేశాను, ఆ బలం మిగిలిన వాటికి వెళ్ళనీ అని. మచ్చ మేరకు చెక్కేసి, మిగిలిన పచ్చి కాయతో నువ్వులు వేయించి పచ్చడి చేశాను.

ఇకమీదట ఏ రోజూ తప్పకుండా ఉదయం ఆరు లోపల బకెట్టుకు లీటరున్నర, సాయంత్రం మట్టిలో రెండో కణుపు వరకు వేలు దించి చూసి, పొడిగా ఉంటే మరొక లీటరు. బకెట్ల పైన రెండంగుళాల మందాన వరిగడ్డి పరిచాను.

మార్చి 21

నీళ్ళ విషయంలో ఇంకొక సంగతి ఈ రోజు పట్టుబడింది. సాయంత్రం నాలుగు గంటలకు పైపు విప్పి చెయ్యి పెడితే చురుక్కుమంది. మిద్దె మీద ఎండలో పరిచి ఉన్న పైపులో నిలిచిన నీళ్ళు అవి. అవి పోయిన తరువాత ట్యాంకు నీళ్ళు వచ్చాయి, వంటింటి ఉష్ణమాపకంతో చూస్తే 38 డిగ్రీలు. ఆ ఊపులోనే బకెట్ల మట్టిలోనూ గుచ్చి చూశాను. పడమటి ఎండ పడే చివరి బకెట్టులో అర చెయ్యి లోతున 40, గోడ నీడ పడే బకెట్టులో 33. వేరుకు ఇంత వేడి తగులుతుంటే పైన ఎంత నీడ కట్టి ఏం లాభం? బకెట్లన్నిటినీ రెండేసి ఇటుకల మీదికి ఎత్తి, శ్లాబుకు తగలకుండా చేశాను. పడమటి వైపున్న వాటికి గోనెసంచులు చుట్టి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడుకు ఆ గోనెను తడుపుతున్నాను. సాయంత్రం నీళ్ళు పొద్దు గుంకిన తరువాతకు మార్చాను.

మార్చి 24

గోనె తడిపిన బకెట్టులో మధ్యాహ్నం మూడింటికి మట్టి వేడి 34. ఆరు డిగ్రీలు తగ్గింది. ఈ మిద్దె మీద నేను ఇంతవరకు చేసిన పనులన్నిటిలోకీ పైసా ఖర్చు లేకుండా ఇంత ఫలం ఇచ్చింది మరొకటి లేదు.

శ్లాబుకు ఆనించి ఒక ఉష్ణమాపకం, మూడడుగుల ఎత్తున మరొకటి పెట్టి రాత్రి పదకొండుకు చూశాను. కింద 28, పైన 25. పగలంతా తాగిన ఎండను సిమెంటు రాత్రంతా వదులుతూనే ఉంది. మామయ్య అరచేతికి తెలిసింది ఇదే.

మార్చి 30, ఉగాది

కనిష్ఠం 24. నీడ తెర సంగతి. యాభై శాతం పచ్చ తెరను ఈ నెల 20న పైన పూర్తిగా కట్టేశాను, పది రోజుల్లోనే కొత్త కణుపుల మధ్య ఎడం పెరిగి, కొసలు పాలిపోయి, కొమ్మలు వెలుతురు వైపు సాగాయి. టమాటాకు ఉదయపు ఎండ ఆరు గంటలైనా కావాలి. ఈ రోజు తెరను విప్పి, రెండు ఇనుప తీగల మీద కర్టెనులా జరిగేటట్టు ఉంగరాలతో వేలాడదీశాను. పన్నెండింటికి లాగడం, నాలుగున్నరకు తీయడం.

పెరిగిన కొమ్మలను పాత చీర పీలికలతో కర్రకు కట్టాను. ముడి కాడకు బిగియకుండా, కర్రకూ కాడకూ మధ్య ఒక మెలిక ఉండాలి. ఎర్ర దారం గుత్తుల్లో కాయలు కోడిగుడ్డంత అయ్యాయి.

ఏప్రిల్ 3, గురువారం

మధ్యాహ్నం చూస్తుండగానే నల్లబడి కుండపోతగా కురిసింది. ఊరంతా రోడ్లు చెరువులయ్యాయి. మిద్దె ఎక్కేసరికి తెర ఒక పక్క తెగి వేలాడుతోంది, రెండు కర్రలు వాలాయి, కాడలు మాత్రం విరగలేదు. పీలికల ముడులు కాపాడాయి.

ఏప్రిల్ 5

వాన చేసిన అసలు పని ఈ రోజు కనిపించింది. రంగు తిరగబోతున్న ఏడు కాయలు తొడిమ చుట్టూ వలయాలుగా పగిలాయి. పొడి మట్టికి ఒక్కసారిగా నీరు అందితే కాయ లోపలి గుజ్జు ఉబ్బుతుంది, పైతోలు అంత వేగంగా సాగలేదు. వరిగడ్డి మందంగా ఉన్న బకెట్లలో పగిలినవి రెండే, గడ్డి పలచబడిన మూడు బకెట్లలో ఐదు. ఏడింటినీ కోసి ఆ రాత్రే చారు పెట్టాను. కాయ ఇంకా పూర్తిగా పండలేదు గనుక పులుపు ఎక్కువ, వాసన మాత్రం మార్కెట్టు టమాటాకు రానిది.

ఏప్రిల్ 9

మొదటి పూర్తి పంట కోత. అర్క వికాస్ పదకొండు కాయలు, తొమ్మిది వందల గ్రాములు. నాటువి దోసెడు.

ఏప్రిల్ 17

అర్క వికాస్ మొక్కల దారాల లెక్క. ఎర్ర దారం, మార్చి మొదటి వారం పూత: 41 పువ్వులకు 27 పిందెలు నిలిచాయి. తెల్ల దారం, మార్చి చివరి వారం: 38 పువ్వులకు 9. నీలి దారం, ఏప్రిల్ 10 నుంచి 16 వరకు, రెండో విడత మొక్కలు కూడా కలిపి: 44 పువ్వులకు ఇప్పటికి నిలిచినట్టు కనిపిస్తున్నవి 2. ఆ వారం కనిష్ఠం 26 నుంచి 27 మధ్య ఉంది. ఎరువు అదే, నీళ్ళు అవే, కుదిపే వేలూ అదే.

పువ్వు రాలేముందు ఎలా ఉంటుందో భూతద్దంతో చాలాసేపు చూశాను. టమాటా పువ్వు తొడిమకు మధ్యలో మోకాలిలా ఒక చిన్న కణుపు ఉంటుంది. పిందె నిలిచే పువ్వుకు రేకులు వాడి ఎండినా ఆ కణుపు పచ్చగా, కొంచెం లావెక్కి ఉంటుంది, రేకుల వెనుక ఆవగింజంత పచ్చ బుడిపె మెరుస్తుంది. రాలిపోయే పువ్వుకు రేకులు ఇంకా పసుపుగా నిగనిగలాడుతుండగానే కణుపు పసుపుకు తిరుగుతుంది, మరునాడు అక్కడ ఒక సన్నని గీత పడుతుంది, ఆ తరువాత ఊపిరి తగిలినా ఊడిపోతుంది. మొక్క ఆ పువ్వును తానే వదులుకుంటుంది. గత మూడేళ్ళూ నేను రాలిన పువ్వులు ఊడ్చాను కానీ ఆ కణుపును చూడలేదు. ఇప్పుడు కణుపు పసుపుబారిందంటే కారణం రాత్రి లెక్కలో వెతుకుతాను, ఎరువు సంచి వైపు వెళ్ళను.

నాటు రకం మాత్రం ఆశ్చర్యపరిచింది. అదే వారంలో 36 పువ్వులకు 15 పిందెలు. చిన్న కాయ రకాలు వేడిలోనూ పిందె కడతాయని చదివినదే, మిద్దె మీద చూడడం వేరు.

ఏప్రిల్ 21

చెట్టు మీద పండుతున్న కాయలు ఎర్రబడడం లేదు. భుజాల దగ్గర పచ్చగా, కింద పసుపు నారింజగా ఆగిపోతున్నాయి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ ముప్ఫై డిగ్రీలు బాగా దాటిన వేడిలో తయారు కాదు, పసుపు రంగు పదార్థం మాత్రం తయారవుతూనే ఉంటుంది, అందుకే ఈ రంగు. పరిష్కారం తేలిక. కాయ అడుగున గులాబి రంగు తొలి ఛాయ కనిపించగానే దోరగానే కోసి, ఇంట్లో చల్లని మూల వెదురు బుట్టలో తొడిమ కిందికి ఉండేలా ఒక్క వరుసగా పేర్చాను. నాలుగు రోజుల్లో నిండు ఎరుపు. ఫ్రిజ్‌లో పెడితే రంగు ఆగిపోతుంది, రుచీ పోతుంది. అప్పుడే కోయడం వల్ల ఉడతల బెడద కూడా తగ్గింది.

కాయతొలుచు పురుగు రంధ్రం చేసిన కాయలు ఈ సీజనులో మొత్తం మూడే. బంతి మొగ్గల్లో మాత్రం పురుగులు తొమ్మిది ఏరాను. ఆకు లోపల తొలిచే పాము పొడ పురుగు గీతలు కింది ఆకుల మీద ఉన్నాయి, ఆ ఆకులు గిల్లేశాను.

మే 4

ఎర్రనల్లి. ఆకు పైన సన్నని తెల్ల చుక్కలు, అడుగున కంటికి ఆనీ ఆనని ఎర్ర నలుసులు, కొసల మధ్య సాలెగూడు. పొడి వేడికి వచ్చేది ఇది. వరుసగా నాలుగు ఉదయాలు ఆకుల అడుగుకు గట్టి ధారతో నీళ్ళు కొట్టాను, చాలావరకు కొట్టుకుపోయింది. మొదటి విడత అర్క వికాస్ మొక్కలు ఇక అలసిపోయాయి. నిలిచిన కాయలు దిగగానే వాటిని తీసేస్తాను, కత్తిరించి ఆగస్టు వరకు సాకే ఓపిక మొక్కకు ఉన్నా ఆకుల నిండా నల్లి ఉంది, పక్కవాటికి చేటు.

మే 14

మొదటి విడత ముగింపు తూకం. నాలుగు అర్క వికాస్ మొక్కలకు 6 కిలోల 200 గ్రాములు. మూడు నాటు మొక్కలకు ఇప్పటికి 2 కిలోల 900 గ్రాములు, ఇంకా కాస్తున్నాయి. మొత్తం తొమ్మిది కిలోలు అంటే బజారులో పెద్ద డబ్బు కాదు, టమాటా ధర పడిపోయిన రోజుల్లో బుట్టెడు వస్తుంది. పత్తికొండ వంటి మార్కెట్టుకు ఎకరాల పంట తెచ్చి రవాణా ఖర్చు కూడా రాక వెనక్కి వెళ్ళే రైతు కష్టం ముందు నా బకెట్ల కష్టం పోల్చదగినది కాదు. అయినా ఒక కాయ నిలబడడానికి ఎన్ని రాత్రులు సరిగ్గా కుదరాలో లెక్క రాసుకున్న తరువాత, బండి మీద పది రూపాయలకు కిలో అని వినిపిస్తే బేరం ఆడడానికి నోరు రావడం లేదు.

రెండో విడత నాలుగు మొక్కలకూ కలిపి ఇప్పటికి ఏడు కాయలు. ఆకు నిండుగా ఉంది, మొదటి విడత కంటే పచ్చగా ఉంది.

మే 25, రోహిణి కార్తె మొదలు

ఈ ఏడాది రోళ్ళు పగలాల్సిన రోజులు తడిగా వచ్చాయి. నైరుతి నిన్ననే కేరళను తాకింది, ఇక్కడ కూడా కొన్ని సాయంత్రాలు వాన పడి రాత్రులు చల్లబడ్డాయి. నిన్నటి కనిష్ఠం 23. రెండో విడతలో ఒక మొక్కకు కొత్త గుత్తిలో మూడు కణుపులు పచ్చగా, లావుగా నిలిచాయి. రెండో విడత మొత్తం తూకం ఈ రోజుకు 11 కాయలు, 610 గ్రాములు.

విత్తనం దాచాను. మొదటి విడతలో అన్నిటికంటే బాగా కాసిన ఐదో బకెట్టు మొక్క ఎర్ర దారం గుత్తి నుంచి రెండు కాయలు, నాటు రకానికి నీలి దారం గుత్తి నుంచి, అంటే ఏప్రిల్ వేడిలో పిందె కట్టిన వాటి నుంచి, ఆరు కాయలు చెట్టు మీదే పూర్తిగా పండనిచ్చాను. గుజ్జును గింజలతో సహా వేర్వేరు గాజు సీసాల్లోకి పిండి, కొంచెం నీళ్ళు కలిపి, పలచటి గుడ్డ కట్టి రెండు రోజులు పులియబెట్టాను. గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను అడ్డుకుంటుంది, పులిస్తే అది విడిపోతుంది. పైన తెల్లటి పొర కట్టి, పుల్లటి వాసన రాగానే నీళ్ళు పోసి కడిగాను. మంచి గింజ అడుగుకు దిగింది, తాలు పైకి తేలింది. నీడలో పింగాణీ పళ్ళెం మీద ఆరబెట్టాను, కాగితం మీద వేస్తే అంటుకుపోతుంది.

ఈ రోజు గలగలలాడేంతగా ఎండాయి. రెండు కాగితపు పొట్లాలు కట్టి, ఒకదాని మీద "అర్క వికాస్, ఐదో బకెట్టు, ఎర్ర దారం", మరొకదాని మీద "మామయ్య నాటు, నీలి దారం" అని రాసి, రెండింటి కిందా విత్తే తేదీ వేశాను: నవంబరు 25.